రోడ్డు మాది, వేగం ఎవరిది?

(కమ్యూనిటీ రేడియోలో చేసిన ప్రసంగ పాఠం)

నేను సౌదీ అరేబియాలోని ఖఫ్జీ నుంచి మాట్లాడుతున్నాను. కువైట్ సరిహద్దు పక్కన, సముద్రం ఒడ్డున ఉన్న చమురు పట్నం ఇది. 1991 జనవరి ఆఖర్లో, గల్ఫ్ యుద్ధంలో ఇరాక్ సైన్యం వచ్చి పడిన ఊరుగా పెద్దవాళ్ళకి దీని పేరు గుర్తుండొచ్చు. నేనిక్కడ కంప్యూటర్ కన్సల్టెంటుని. చరిత్ర పండితుణ్ణి కాను, లాయరునీ కాను. అయినా ఈవేళ ఒక చట్టం చరిత్ర చెబుదామని కూర్చున్నాను.

ఇక్కణ్ణించి దమ్మామ్ సుమారు 300 కిలోమీటర్లు. మన సరుకులూ, స్నేహితులూ ఎక్కువగా అటువైపే కాబట్టి నెలకోసారైనా ఆ దారిన వెళుతుంటాం. ఎడారి మధ్యలోంచి తిన్నగా పోయే రోడ్డు. ఒంటెలుంటాయి జాగ్రత్త అనే బోర్డులే గాని, చాలా దూరం మనిషి కనపడడు. అలాంటి రోడ్డు మీద వేగం ఎంతుండాలో రాజధానిలో కూర్చుని నిర్ణయిస్తే మనకేం అభ్యంతరం ఉంటుంది? సౌదీలో 2007లో వచ్చిన ట్రాఫిక్ చట్టం దేశమంతటికీ ఒక్కటే. 2010 నుంచి సాహెర్ అనే కెమెరాల పద్ధతి వచ్చింది. 2018లో కొన్ని పెద్ద హైవేల మీద పరిమితిని గంటకు 140 కిలోమీటర్లకు పెంచారు. ఎడారికి ఆ లెక్క సరిపోతుందేమో. కానీ రోడ్డు ఊరి మధ్యలోంచి పోతే?

మాది జగిత్యాల దగ్గర ఒక చిన్న ఊరు. మా రోడ్డుకి ఒక పక్క ఇళ్ళు, ఇంకో పక్క బడి. నా చిన్నప్పుడు అది కంకర రోడ్డు, గంటకో బస్సు వచ్చేది. తర్వాత తారు వేశారు, వెడల్పు చేశారు. ఊరంతా సంతోషించాం. కొన్నేళ్ళ కిందట మా వీధిలోని ఒక పాప, మూడో తరగతి, బడి నుంచి వస్తూ లారీ కింద పడింది. బతకలేదు.

ఊరివాళ్ళు రాస్తారోకో చేశారు. సర్పంచ్ గారు కాగితం రాసి ఒక ఆఫీసుకి వెళితే, రోడ్డు మాది గాని వేగం మాది కాదన్నారు. ఇంకో ఆఫీసుకి వెళితే, పైనుంచి ఆర్డరు రావాలన్నారు. నేను ఫోను చేసినప్పుడు ఆయన అన్న మాట నాకిప్పటికీ గుర్తు: "మోరీ సాఫ్ చేయనీకి మాకు పవరున్నది బిడ్డా, లారీని మెల్లగ పొమ్మననీకి లేదు."

ఈ మాట పట్టుకునే నేను పాత చట్టాలు తిరగేయడం మొదలుపెట్టాను. తెలిసిందేమిటంటే, ఈ గొడవ మా ఊరిది కాదు, మోటారు బండి పుట్టినప్పటిది.

ఇంగ్లండులో 1865లో ఒక చట్టం చేశారు. అప్పటికి కార్లు లేవు, ఆవిరితో నడిచే బండ్లే. అవి పల్లె దారిలో గంటకు 4 మైళ్ళు, ఊళ్ళో 2 మైళ్ళకు మించి పోకూడదు. బండికి ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని నడవాలి. 1896 జనవరిలో కెంట్ ప్రాంతంలో ఒకాయన 2 మైళ్ళు పోవలసిన చోట 8 మైళ్ళ వేగంతో పోయి, ఒక షిల్లింగు జరిమానా కట్టాడు. అదే ఏడాది చట్టం మార్చి 14 మైళ్ళ దాకా పోవచ్చన్నారు. 1903లో దాన్ని 20 చేశారు. అప్పుడు పట్టణాలవాళ్ళు ఊరుకోలేదు. మా వీధులు ఇరుకు, పిల్లలు ఆడుకుంటారు, గుర్రాలు బెదురుతాయి అన్నారు. దాంతో ఆ చట్టంలోనే ఒక వెసులుబాటు పెట్టారు. స్థానిక సంస్థ అర్జీ పెట్టుకుంటే, ఫలానా చోట 10 మైళ్ళ పరిమితి పెట్టవచ్చు. అయితే ఆ అర్జీ వెళ్ళవలసింది లోకల్ గవర్నమెంట్ బోర్డుకి. పేరులో లోకల్ ఉంది గాని, అది లండన్‌లో కూర్చునే కేంద్ర శాఖ!

అక్కడ 30 మైళ్ళ చోట 20 పెట్టుకోవాలన్నా పై అనుమతి కావలసిన పరిస్థితి 1999 దాకా నడిచింది. ఆ ఏడాదే, కేంద్రాన్ని అడగకుండా 20 మైళ్ళ పరిమితి పెట్టుకునే అధికారం స్థానిక సంస్థలకి దక్కింది. 1903 నుంచి లెక్కేస్తే 96 ఏళ్ళు. తర్వాత లండన్‌లోని 20 మైళ్ళ జోన్ల మీద చేసిన అధ్యయనం 2009లో వెలువడింది. ఆ వీధుల్లో ప్రమాదాల్లో గాయపడ్డవాళ్ళు, చనిపోయినవాళ్ళు సుమారు 42 శాతం తగ్గారని తేల్చింది.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఇంకో సంగతి చెప్పాలి. అక్కడ చాలా చోట్ల 85 శాతం సూత్రం అని ఒకటుంది. రోడ్డు మీద నూరు బండ్ల వేగం కొలిచి, అందులో ఎనభై అయిదు బండ్లు ఏ వేగానికి లోబడి పోతున్నాయో దానికి దగ్గరగా పరిమితి పెడతారు. అంటే బండి తోలేవాడే పరిమితి రాసుకుంటున్నాడన్నమాట, పక్కన నడిచేవాడికి ఆ లెక్కలో చోటే లేదు. కాలిఫోర్నియా 2021లో చట్టం చేసి, దీని కంటే తగ్గించుకునే వీలు నగరాలకి కొంత కల్పించింది. న్యూయార్క్ అంత పెద్ద నగరం కూడా తన వీధుల్లో 30 మైళ్ళను 25 చేసుకోవడానికి రాష్ట్ర శాసనసభ అనుమతి కోసం ఎదురు చూడవలసి వచ్చింది. అది 2014 నవంబరులో అమలైంది. 2013లో బ్రూక్లిన్‌లో పన్నెండేళ్ళ పిల్లవాడొకడు ఇంటి ముందు వ్యాను కింద పడి చనిపోతే, వాడి తల్లిదండ్రులూ అలాంటి ఇతర కుటుంబాలూ ఏళ్ళ తరబడి ఆల్బనీకి తిరిగారు. 2024లో చాలా వీధుల్లో 20 మైళ్ళకు తగ్గించుకునే అధికారం నగరానికి వచ్చింది. ఆ చట్టాన్ని ఆ పిల్లవాడి పేరు మీదే శామీస్ లా అంటారు.

ఇక మన దేశం సంగతి. 1914లో ఇండియన్ మోటారు వాహనాల చట్టం వచ్చింది. తర్వాత 1939 చట్టం, సెక్షన్ 71. స్వాతంత్ర్యం వచ్చాక 1988 చట్టం, సెక్షన్ 112. ఈ రెండు సెక్షన్లూ పక్కపక్కన పెట్టి చదివితే దాదాపు అవే మాటలు. వాటి సారాంశం ఇది: ప్రజల క్షేమం కోసం గానీ, సౌకర్యం కోసం గానీ, ఆ రోడ్డు, వంతెనల తీరును బట్టి గానీ అవసరమని తోస్తే, రాష్ట్ర ప్రభుత్వమో, అది అధికారం ఇచ్చిన సంస్థో, గెజిట్‌లో ప్రకటించి, బోర్డులు పెట్టించి, వేగాన్ని తగ్గించవచ్చు. కేంద్రం పెట్టిన గరిష్ఠ వేగాన్ని మాత్రం దాటకూడదు. 2018 ఏప్రిల్‌లో కేంద్రం మునిసిపల్ హద్దుల్లో కార్లకు పెట్టిన గరిష్ఠ వేగం గంటకు 70 కిలోమీటర్లు.

మధ్యలో 1992లో 73, 74 రాజ్యాంగ సవరణలు జరిగాయి. పదకొండో షెడ్యూలులో పంచాయతీలకూ, పన్నెండో షెడ్యూలులో మునిసిపాలిటీలకూ అప్పగించదగ్గ పనుల జాబితా ఇచ్చారు. రెంటిలోనూ రోడ్లు ఉన్నాయి, వంతెనలు ఉన్నాయి. వాటి మీద పోయే బండి వేగం మాట మాత్రం లేదు. మోటారు వాహనాలు రాజ్యాంగంలో కేంద్ర, రాష్ట్రాల ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. మా సర్పంచ్ గారు చదువుకున్నది ఏడో తరగతే గాని, చట్టాన్ని ఆయన చెప్పినంత క్లుప్తంగా ఏ లాయరూ చెప్పలేడు.

అధికారం లేనప్పుడు ఊరు ఏం చేస్తుంది? తనకు తోచిన చట్టం తను చేసుకుంటుంది. దాని పేరే స్పీడ్ బ్రేకర్.

ఖఫ్జీలో మా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళం ఎనిమిది మందిమి ఉన్నాం. తలా యాభై రియాళ్ళు వేసుకుని పంపించాం. ఊళ్ళో కుర్రాళ్ళు ఒక్క రాత్రిలో సిమెంటు, కంకర కలిపి బడి ముందు రోడ్డుకి అడ్డంగా గట్టు కట్టేశారు. ఫోటో పంపితే మేమంతా గర్వపడ్డాం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే దీనికి కొలతలు రాసింది: వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటగలిగేలా. ముందుగా హెచ్చరిక బోర్డు ఉండాలి, రాత్రి కనపడేలా రంగు వేయాలి. మా గట్టు అడుగు ఎత్తుంది. రంగు లేదు, బోర్డు లేదు.

నెల తిరక్కుండా మా చిన్నాన్న కొడుకు రాత్రి పూట పొలం నుంచి బైకు మీద వస్తూ దాని మీద ఎగిరి పడ్డాడు. ఆరు నెలలు మంచం మీద ఉన్నాడు. ఇప్పటికీ ఎడమ చెవి వినపడదు. ఆ సిమెంటులో నా యాభై రియాళ్ళు ఉన్నాయి. వాడు నన్ను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. "అన్నా, లారీలైతే ఆగుతున్నయి గదా" అన్నాడు. ఆ మాట తిట్టు కంటే ఎక్కువ తగిలింది.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 71 శాతం మరణాలకు అతివేగాన్ని కారణంగా కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో రాశారు. వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలని మనం బళ్ళో చదువుకున్న ఫిజిక్సే చెబుతుంది. మనుషులూ బండ్లూ కలిసి తిరిగే చోట గంటకు 30 కిలోమీటర్లు చాలని 2020లో స్టాక్‌హోమ్‌లో చాలా దేశాలు కలిసి చెప్పాయి. పని తెలుసు, కొలత తెలుసు. ఆ బడి ముందు ఆ కొలత పెట్టే అధికారం మాత్రం ఊరికి దూరంగా ఉంది.

అయితే సెక్షన్ 112లో ఒక సందు ఉందని మరిచిపోకండి. రాష్ట్ర ప్రభుత్వం "అధికారం ఇచ్చిన సంస్థ" అన్నారు. ఆ సంస్థ ఎవరైనా కావచ్చు, జిల్లా స్థాయిలోనే ఆ పని జరగవచ్చు. రాజ్యాంగం మార్చనక్కర్లేదు. అదే చట్టం సెక్షన్ 215 కింద జిల్లా రోడ్డు భద్రతా కమిటీ వేయవచ్చు. గ్రామసభలో తీర్మానం చేసి, ప్రమాదాల తేదీలు రాసి, బడి ఫోటో జతచేసి, ఆ కమిటీకి కాగితం పెట్టమని మొన్న మా ఊరికి రాశాను. బోర్డు వచ్చాక ఆ గట్టు పగలగొట్టి, కొలత ప్రకారం మళ్ళీ కట్టమన్నాను. జవాబు ఇంకా రాలేదు.

మీరు డాలస్‌లో ఉన్నా, లండన్‌లో ఉన్నా, మెల్‌బోర్న్‌లో ఉన్నా, మీ ఊళ్ళకి డబ్బు పంపేటప్పుడు ఒక్క మాట గుర్తుంచుకోండి. గుడికి పంపండి, బడికి పంపండి. రోడ్డు మీద గట్టుకి మాత్రం సిమెంటు కంటే ముందు కాగితం పంపండి. మేము వరస తిరగేశాం. ఆ తప్పు మీరు చేయవద్దని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

సెలవు.