ప్రిన్‌స్టన్ అధ్యక్ష గృహము

అమెరికాలోని ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయ ప్రాంగణమున, నాసౌ హాలు అను రాతికట్టడము ప్రక్కన, పసుపువన్నె పూసిన ఇటుకల మేడ యొకటి కలదు. రాబర్ట్ స్మిత్ అను ఫిలడెల్ఫియా వడ్రంగి ఈ రెండింటిని నిర్మించెను. నాసౌ హాలు విద్యార్థులకు. 1756లో పూర్తియైన ఇటుకమేడ అధ్యక్షునికి. మన దేశమున ఉపకులపతి యెట్టివాడో, అమెరికా విద్యాలయములలో అధ్యక్షుడట్టివాడు. అప్పటికది న్యూజెర్సీ కళాశాల. విశ్వవిద్యాలయమను పేరు 1896లో వచ్చినది. 1878 వరకు పదుగురు అధ్యక్షులు ఈ యింట కాపురముండిరి.

తొలి కాపురములు అచ్చిరాలేదు. ఆరన్ బర్ ఈ యింటికి వచ్చిన యేడాదిలోపలనే మరణించెను. ఆయన మామ, ప్రసిద్ధ మతతత్త్వవేత్త జొనాథన్ ఎడ్వర్డ్స్, ఆ స్థానమునకు వచ్చిన కొలదివారములకే మశూచి టీకా వికటించి 1758 మార్చిలో గతించెను. శామ్యూల్ డేవీస్ 1761లోను, శామ్యూల్ ఫిన్లే 1766లోను పోయిరి. 1768లో స్కాట్లండునుండి వచ్చిన జాన్ విదర్‌స్పూన్ మాత్రము దీర్ఘకాలము పదవియందుండి, 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటనపై చేవ్రాలు చేసెను. ఈ యింటి చరిత్ర చెప్పువారు చిరకాలము ఈ వరుసనే చెప్పుచువచ్చిరి. ఇంత పెద్ద లోగిలిలో వంట వండిన దెవరు, పశువులను కాచిన దెవరు అని అడిగినవారు అరుదు.

దానికి సమాధానము 1766 నాటి వార్తాపత్రికలోనే అచ్చుపడి యున్నది. ఫిన్లే మరణించిన పిమ్మట, ఆగస్టు మాసమున అధ్యక్ష గృహమువద్ద ఆయన ఆస్తి విక్రయింపబడునని ప్రకటన వెలువడినది. అందు ఇద్దరు నీగ్రో స్త్రీలు, ఒక పురుషుడు, ముగ్గురు పిల్లలు. వారితోపాటు సామానులు, గుఱ్ఱములు, పశువులు, మంచి గ్రంథములు. స్త్రీలకు ఇంటిపనులన్నియు తెలియునట. పురుషుడు వ్యవసాయమున నేర్పరియట. గ్రంథములు ఏయే విషయములవో ప్రకటనకర్త శ్రద్ధగా చెప్పినాడు. మనుష్యుల పేర్లు చెప్పలేదు.

ఇంటిముందు రెండు సికమోరు వృక్షములున్నవి. ఆంగ్ల ప్రభుత్వము విధించిన స్టాంపు చట్టము 1766లో రద్దైన సంతోషమునకు గుర్తుగా నాటినారని జనశ్రుతి. నాటవలెనను నిర్ణయము అంతకుముందే, 1765లో, జరిగినది గనుక ఆ కథ నిలువదు. అయినను స్వేచ్ఛకు గుర్తులని చెప్పుకొన్న ఆ చెట్లకును, ఆ విక్రయమునకును ఒకే యింటి వాకిలి, ఇంచుమించు ఒకే కాలము.

విశ్వవిద్యాలయమువారు స్వయముగా జరిపించి 2017లో వెల్లడించిన పరిశోధన ప్రకారము, మొదటి తొమ్మండుగురు అధ్యక్షులును జీవితమున ఏదో యొక కాలమున బానిసలు గలవారే. అట్టివారిలో ఆష్‌బెల్ గ్రీన్ ఒకడు (1812-1822). ఆయన యింటి దాసి బెట్సీ స్టాక్టన్. గ్రీన్ భార్యకు పుట్టింటివారు ఆమెను పసితనముననే ఇచ్చివేసిరి. గ్రీన్ తన గ్రంథాలయమును ఆమె చదువుకొనుటకు అనుమతించెను. అది ఆయన ఔదార్యమని వ్రాసినవారున్నారు; పుస్తకములిచ్చిన చేతనే ఆమె స్వాతంత్ర్యపత్రము కూడ ఉండెనని మరువరాదు. 1817 ప్రాంతమున విముక్తయై, ఆమె 1822లో క్రైస్తవ ప్రచారకులతో హవాయి ద్వీపములకు ఓడయెక్కెను. లహైనాలో సామాన్య ప్రజలకు పాఠశాల నడపెను. ఆ సముద్రయానమున ఆమె వ్రాసిన దినచర్యను గ్రీనే తన పత్రికలో ప్రకటించెను. 1766 ప్రకటనలో పేరైనను లేని వారి వర్గమునుండి, ఆ యింటి పుస్తకములే చదివి, తన మాటను తానే వ్రాసిన స్త్రీ యామె. తరువాత ప్రిన్‌స్టన్‌కు తిరిగివచ్చి, 1865లో మరణించువరకు నల్లజాతి బాలబాలికలకు చదువు చెప్పెను.

1878లో అధ్యక్షులు ప్రాస్పెక్ట్ అను విశాలభవనమునకు తరలిపోయిరి. పాతయింట కొంతకాలము డీనులుండిరి. 1968లో పూర్వవిద్యార్థుల సంఘము చేరి, పదవ అధ్యక్షుని పేర మెక్లీన్ హౌసను పేరు నిలిచినది. 2017లో టైటస్ కాఫర్ అను శిల్పి ఈ యింటిముందు ఒక శిల్పమును నిలిపెను. సికమోరు కొయ్యలో ఫిన్లే ముఖరేఖను లోనికి తొలిచి, ఆ బోలులో ఒక నల్లజాతి పురుషుని, స్త్రీని, బిడ్డను చూపెను.