పూటకూటియింటి పంక్తి

క్రొత్త నగరమున దిగిన బాటసారి మొదట నడుగు ప్రశ్న యొక్కటే: "ఇచ్చట మంచి భోజన మెక్కడ దొరకును?" నేడీ ప్రశ్నకు చేతిలోని ఫోనే బదులు చెప్పుచున్నది. ఏ హోటలునకు నెన్ని చుక్కలిచ్చిరో చూచుకొని జనులు బయలుదేరుచున్నారు. కాని మన తాతలనాడు సమాధాన మంత వేగముగా వచ్చెడిది కాదు. అడిగినవానినే మరల నొక ప్రశ్న యడిగెడివారు: "తమరెవరు?" అది పేరును గూర్చిన ప్రశ్న కాదు, కులమును గూర్చినది. దాని యుత్తరమునుబట్టి త్రోవ చూపుచుండిరి. ఒక్కొక్కప్పుడు చూపకయు నుండిరి. భోజనశాలల చరిత్రమనగా రుచుల చరిత్రము మాత్రమే కాదు. ఈ రెండవ ప్రశ్న మెల్లమెల్లగా సన్నగిల్లిన చరిత్రము కూడ. దానినే చదువరులకు మనవి చేయదలచితిమి.

వెల పుచ్చుకొని యన్నము పెట్టుట తెలుగుదేశమునకు క్రొత్త గాదు. పదునైదవ శతాబ్దిలో వినుకొండ వల్లభరాయడు రచించెనని ప్రసిద్ధికెక్కిన క్రీడాభిరామమున, మంచనశర్మ, టిట్టిభసెట్టి యను మిత్రులిద్దరు ఓరుగల్లు వీధులలో వింతలు చూచుచు తిరుగుదురు. ఆ నగరమున నొక పూటకూటియిల్లు కలదు. అచ్చట నొక్క రూకకు సన్నబియ్యపుటన్నము, గోధుమపిండివంట, పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, గడ్డపెరుగు దొరకునని కవి చెప్పెను. యింటివాని పేరును విడువలేదు. వంటకముల పట్టిక, వెల, చిరునామా: నేటి చుక్కలవారు చెప్పునవియు నివియే గదా! నగరము పెరిగినకొలది బంధువులు లేని యాగంతుకులు హెచ్చుదురు. సొమ్మిచ్చి తిను చోటు వారికి కావలెను. పూటకూటియిల్లు నగరము కన్న బిడ్డ.

అయినను దూరప్రయాణము చేయువారికి ఇట్టి యిండ్లు చాలలేదు. మదరాసు సుప్రీముకోర్టున ద్విభాషిగా నుండిన యేనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో కాశికి బయలుదేరి 1831 సెప్టెంబరున తిరిగివచ్చిరి. ఆయన కాశీయాత్ర చరిత్రలో మజిలీ మజిలీకిని నీళ్లెట్టివి, అంగళ్లున్నవా, దిగుటకు స్థలమున్నదా యను విచారమే కానవచ్చును. ఆయన డేరాలతో, పరివారముతో, వంటసామగ్రితో నడచిరి. అనగా కలిగినవాడు తన వంటయింటిని తనతోడనే మోయించుకొని పోయెను. లేనివాడు సత్రమును నమ్ముకొనెను. ఆ సత్రములలో పెక్కింట అన్నము బ్రాహ్మణులకే; తక్కినవారికి అరుగో, చెట్టునీడయో.

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడి, 1909లో క్రొత్తరూపు దాల్చినది. అందలి పూటకూళ్లమ్మను చూచి మనమందరము నవ్వినవారమే. గిరీశ మామె యన్నము తిని, ఆమె సొమ్మునే కాజేసి, ఆమె చీపురుకట్టకు వెరచి మంచముక్రింద దూరును. నవ్వు తీరిన పిదప నొక్క విషయము యోచింపవలెను. ఆమె విధవ. విధవకు పుట్టింటనో అత్తింటనో జీతము లేని చాకిరి తప్ప వేరు గతి కానరాని కాలమున, గరిటెను జీవనాధారముగా చేసికొనిన స్త్రీ ఆమె. ఆమె పెట్టిన యన్నము తిన్నవారే ఆమె నడతను గూర్చి గుసగుసలాడుదురు. పట్టణములలో చదువుకొనిన పిల్లలకును, ఉద్యోగులకును ఇట్టి తల్లులు పెట్టిన కూటి ఋణము కొంత కలదు. దానిని చరిత్రకారు లంతగా లెక్కవేయలేదు.

తరువాత రైలు వచ్చెను. 1856లో మదరాసు రాయపురమునుండి మొదటిబండి కదలెను. 1893లో బెజవాడకడ కృష్ణపై వంతెన వెలసెను. 1900లో రాజమహేంద్రవరముకడ గోదావరి పైని బండి నడచెను. ఒకే పెట్టెలో పదికులములవారు మోకాళ్లు తగులునట్లు కూర్చుండక తప్పినది కాదు. కాని బండి దిగిన వెంటనే గీతలు మరల పడెడివి. స్టేషనులో హిందువుల నీళ్లు వేరు, మహమ్మదీయుల నీళ్లు వేరు. దక్షిణదేశపు స్టేషను భోజనపు గదులలో బ్రాహ్మణుల పంక్తి వేరు, ఇతరుల పంక్తి వేరు. టిక్కెట్టు వెల మాత్రము అందరికి నొక్కటే!

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడు వరకు మదరాసు మనకును రాజధానియే. చదువునకు, వ్యాజ్యమునకు, కొలువునకు పోయిన తెలుగువా డచ్చటి కాఫీహోటలును మరగినాడు. ఉడిపి ప్రాంతమువారు పెట్టిన హోటళ్లు శుభ్రతకు, వేడికి, వేగమునకు పేరొందెను, వారిలో కె. కృష్ణారావుగారు 1938లో స్థాపించిన వుడ్‌లాండ్సు మిక్కిలి ప్రసిద్ధము. అయినను పెక్కు హోటళ్ల గుమ్మముపై "బ్రాహ్మణ హోటలు" అను పలక వ్రేలాడుచుండెడిది. ఆ మాట శుచికి గుర్తని కొందరనిరి. తిరువళ్లికేణిలోని మురళీ కేఫు పలకపై నా మాట యుండరాదని 1957లో పెరియారు ఇ. వి. రామస్వామి యుద్యమము నడపిరి. శుచికి గుర్తు కడిగిన గిన్నె, కాచిన నీరు, వంటవాని గోళ్లు. వానికి జన్మతో సంబంధ మేమి?

హైదరాబాదున నీ చరిత్ర మొకింత వేరుదారి పట్టెను. ఇరానుదేశమునుండి పెక్కుమంది బొంబాయిమీదుగా వచ్చినవారు అచ్చట వీధిమలుపులలో చాయఖానాలు తెరచిరి. పాలరాతి బల్లలు, వంపుకొయ్య కుర్చీలు, గోడకు నిలువుటద్దములు. పాలను వేరుగా చిక్కబడువరకు కాచి, తేయాకు డికాక్షనును మూతపెట్టి సన్నసెగను మరిగించి, కప్పులో రెండును కలుపుట వారి పద్ధతి. ప్రక్కను తీపియు నుప్పును కలిసిన ఉస్మానియా బిస్కత్తు. ఒక్క చాయను రెండు కప్పులుగా పంచి యిమ్మన్నను విసుగుకొనరు. యజమాని మన కులములకు వెలుపలివాడు. "తమరెవరు" అను ప్రశ్న యతని నోట రాదు. రిక్షావాడును వకీలును ఒకే బల్లకడ కూర్చుండుట ఉపన్యాసము లేకయే జరిగినది. కాని యచ్చటను స్త్రీలకు "ఫ్యామిలీ" యను తెరచాటు గదియే గతి. ఒంటరిగా వచ్చి చాయ త్రాగు స్త్రీని వింతగా చూచెడివారు.

శాసనము తన పని తాను చేసెను. 1950 జనవరి 26న అమలునకు వచ్చిన మన రాజ్యాంగపు పదునైదవ అధికరణము, మత కుల లింగాదుల కారణమున నెవ్వరిని హోటళ్లనుండి వారింపరాదనెను. పదునేడవది అంటరానితనమును రద్దుచేసెను. 1955 నాటి చట్టము ఇంకను లోతుగా పోయి, హోటలులో అందరికొరకుంచిన పాత్రలను వాడనీయకపోవుటయు నేరమనెను. 1976లో ఆ చట్టమునకే పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మార్చిరి. పాత్రమాట చట్టమున కెక్కుటకు కారణము కలదు: పల్లెల కాఫీదుకాణములలో దళితులకు వేరుగ్లాసు చూరున వ్రేలాడుచుండెడిది.

అది గతించిన కథయని మేమును తలచితిమి. ఇటీవల నొక పట్టణమునకు పోయి, చుక్కలు హెచ్చుగా గల టిఫిను హోటలునకు వెదకికొని వెళ్లితిమి. ఇడ్లీ దూదివలె నుండెను. అల్లపుపచ్చడి కమ్మగా నుండెను. అంతలో వీధులూడ్చు పనివా రిద్దరు వచ్చి మెట్లక్రిందనే నిలిచిరి. లోపల మాకు గాజుగ్లాసులలో కాఫీ. వారికి కాగితపు కప్పులలో, చేయి చాచి. "వారిని లోనికి రమ్మనరేమండీ?" యని యజమాని నడిగితిమి. "నేను వద్దనలేదండీ, వారే రారు" అని యాయన బదులు. ఆ మాట యబద్ధము కాకపోవచ్చును. అందుచేతనే యది మమ్ము బాధించినది. తరతరములు మూసిన తలుపును తెరచి యూరకున్నంత మాత్రాన లోనికెవ్వరు వత్తురు? పిలువవలెను. మేమును పిలువలేదు. మా బల్లకడ రెండు కుర్చీలు ఖాళీగానే యుండెను. కాఫీ త్రాగి, డబ్బిచ్చి, లేచి వచ్చితిమి.

కావున మంచి హోటలును వెదకు సోదరీసోదరులకు మా మనవి యిది. చుక్కలను చూడుడు, తప్పులేదు. కాని వానికంటె ముందు ఆ వీధిలో పనిచేయువారి నడుగుడు. దినదినము తినువానికి తెలిసినంత ఒక్కపూట తినినవానికి తెలియదు. పట్టిక పొడవుగా నున్నచోటికంటె నాలుగు వంటకములు వేడిగా వచ్చుచోటు మేలు. చేతులు కడుగు తావును చూడుడు. అదియే వంటయింటికి అద్దము. నేడు నగరపు సందులలో మెస్సులు, కూరల దుకాణములు నడపు స్త్రీ లెందరో కలరు; పూటకూళ్లమ్మకు మన పెద్దలు చేయని మర్యాదను వారికి చేయుడు. కడపట, గ్లాసును చూడుడు. చీపురు పట్టినవానికిని, కారు దిగినవానికిని ఒకే గ్లాసు, ఒకే బల్ల దొరకినచో నది మంచి భోజనశాల. దొరకనిచో యజమానితో నొక్కమాట చెప్పి, మీ ప్రక్క కుర్చీని మీరే చూపుడు.