తల్లి లేని గూడు

వెదురు గంప బోర్లించి పైన రాయి పెడితే కోళ్లగూడు అయిపోయినట్టే. గోదావరి డెల్టాలో చాలా ఇళ్లు తరతరాలుగా ఎరిగిన గూడు ఇదే. పిల్లినీ ముంగిసనూ లోపలికి రానివ్వకపోవడం దాని పని. పిల్లల్ని వెచ్చగా ఉంచే పని తల్లికోడిది. ఇప్పుడు పెరట్లో ఇటుకలు, రేకులు, ఇనప వల తెచ్చి గూడు కట్టుకుంటున్నవాళ్లు బల్బు ఎక్కడ వేలాడదీయాలా అని తల పట్టుకుంటున్నారంటే, మధ్యలో తల్లి తప్పుకుందన్నమాట.

రాజమండ్రి వైపు ధనుర్మాసపు రాత్రి 18, 19 డిగ్రీలుంటేనే అబ్బో చలి అంటాం. ఈకలొచ్చిన కోడికి అదో లెక్క కాదు. గుడ్డుకైతే మేలు కూడా. ఎండాకాలంలో పొదుగుకు వేయకముందే లోపలి జీవం కదిలి చెడిపోయే గుడ్డు, చలికాలంలో వారం రోజులు నిక్షేపంగా ఉంటుంది. చిక్కంతా 21వ రోజున పెంకు పగిలాకే. నూగు తప్ప ఈకల్లేని పిల్లకు మొదటి వారం 35 డిగ్రీల దాకా వేడి కావాలి. తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవచ్చు.

గంప కాలంలో ఈ లెక్కలు ఎవరికీ అక్కర్లేకపోయాయి. బుట్టలో ఇసుకో ఊకో పోసి, పది పన్నెండు గుడ్లు సర్ది, పొదుగుకొచ్చిన పెట్టను కూర్చోబెట్టేవారు. ఉరుములకు గుడ్లు మురిగిపోకుండా ఓ ఇనపముక్క, ఓ బొగ్గు, రెండు ఎండుమిరపకాయలు పక్కన పడేసేవారు. ఉరుము సంగతి నేను నమ్మను. వానాకాలపు ఉక్కకు చెడిన గుడ్ల నింద దానిమీద పడి ఉంటుంది.

పందెంకోళ్ల జాతి అసీల్. ఆ పెట్ట పెట్టే గుడ్లు తక్కువే గానీ పొదగడంలో, పిల్లల్ని సాకడంలో దిట్ట. ఇదే జాతి కోళ్లు 19వ శతాబ్దంలో ఇంగ్లండులోని కార్న్‌వాల్ చేరి, అక్కడి కోళ్లతో కలిసి కార్నిష్ జాతికి మూలమయ్యాయి. నేటి బ్రాయిలర్‌కు తండ్రి వైపు వంశం ఆ కార్నిషే. సంక్రాంతి బరిలో కత్తి కట్టించుకునేదీ, పెళ్లి భోజనంలో బిర్యానీ అయ్యేదీ దూరపు చుట్టాలు!

గుడ్ల కోసం పెంచిన వైట్ లెగార్న్ దారి వేరు. పొదుగుకు కూర్చున్న పెట్ట గుడ్డు పెట్టదు కాబట్టి, తరతరాల ఎంపికలో ఆ బుద్ధినే దానికి లేకుండా చేశారు. తణుకు, అనపర్తి షెడ్లలో గుడ్లు పెట్టేవి ఈ వంశంవే. పెరటి పెంపకం కోసం హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో 1988లో మొదలైన కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ రకాల్ని తెచ్చింది. అవీ పొదుగుకు కూర్చోవు. నాటు పెట్ట కింద వాటి గుడ్లు వేయాలి, లేదా యంత్రంలో పెట్టాలి. యంత్రమంటే కొత్త సంగతి అనుకోనక్కర్లేదు. ఈజిప్టువాళ్లు రెండువేల ఏళ్ల కిందటే మట్టి పొయ్యిల్లో గుడ్లు పొదిగించారు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రెయోమ్యూర్ 1749లో కృత్రిమంగా పొదిగించే విద్య మీద పుస్తకమే రాశాడు. మన ఊళ్లలో ఇప్పుడది థర్మోకోల్ పెట్టె, బల్బు, 37.5 డిగ్రీల దగ్గర నిలబెట్టే థర్మోస్టాట్‌గా దిగింది.

అలా పుట్టిన పిల్లలకు గూడే తల్లి కావాలి. డెల్టాలో చలికంటే చెమ్మ ప్రమాదం. అందుకే నేల అడుగో రెండడుగులో ఎత్తున ఉండాలి. సార్వా కోతలయ్యాక మిల్లులో ఊకకు కొదవుండదు, రెండు మూడు అంగుళాల మందాన పరవాలి, తడిస్తే మార్చాలి. ఉత్తరం వైపు గోనె కట్టాలి. నాలుగు వైపులా టార్పాలిన్ బిగించేవాళ్లను చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది. పెంట ఘాటుకు పిల్లలు కళ్లు మూసుకుని రొప్పుతుంటే, చలేమోనని ఇంకో పట్టా కప్పుతారు! పైన సందు వదలండి. గంప అల్లికలోనూ సందులున్నాయి కదా. ఎల్‌ఈడీ వెలుగే ఇస్తుంది, వేడి ఇవ్వదు. పాత ఫిలమెంటు బల్బు వెతికి తెచ్చి, పిల్లకు 2 వాట్ల లెక్కన వేయండి. పిల్లలు దాని కిందే గుట్టపడితే వేడి చాలలేదు, గోడలకు అంటుకుపోతే ఎక్కువైంది.

చలికాలంలో పోయిన కోళ్లన్నీ చలికే పోవు. కొక్కెర తెగులుకు మొదటి వారంలోనే కంట్లో చుక్క వేయించాలి. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో తేలింది బర్డ్ ఫ్లూ. గూట్లో కోళ్లు ఉన్నట్టుండి రాలిపోతుంటే చలి అని సరిపెట్టుకోకండి, కాలువలో పడేయకండి. ముందు పశువైద్యశాలలో చెప్పండి.