యూరప్‌లో అద్దె కారు ప్రయాణం

యూరప్ చూడబోయే విదేశీయులు కారు అద్దెకు తీసుకొని, తామే నడుపుకుంటూ రెండు మూడు దేశాలు చుట్టిరావడం ఇప్పుడు బాగా అలవాటైన విహారయాత్రా పద్ధతి. దీనికి దారి తీసింది షెంగెన్ ఒప్పందం. లక్సెంబర్గ్‌లో మొసెల్ నది ఒడ్డునున్న షెంగెన్ దగ్గర 1985 జూన్ 14న ఐదు దేశాలు ఆ ఒప్పందంపై సంతకాలు చేశాయి. 1995 మార్చి 26న అది అమలయ్యాక సభ్యదేశాల మధ్య పాస్‌పోర్టు తనిఖీలు ఆగిపోయాయి. బల్గేరియా, రొమేనియాల భూసరిహద్దులు కూడా 2025 జనవరి 1న తెరుచుకోవడంతో ఈ ప్రాంతం 29 దేశాలకు విస్తరించింది. ఒకే వీసా మీద, ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల వరకు, ఈ దేశాలన్నిటా తిరగవచ్చు. జర్మనీ 2024 సెప్టెంబరు నుంచి తన భూసరిహద్దులన్నిటి దగ్గరా తాత్కాలిక తనిఖీలు పెట్టినా, మొత్తం మీద ఆ స్వేచ్ఛ చెక్కుచెదరలేదు. ఇదంతా చూసి యూరప్ అంతా ఒకే రోడ్డనుకోవడం సహజం. వెనక సీట్లో కూర్చున్నవారికి అది నిజమే. స్టీరింగు పట్టినవారికి మాత్రం కాదు. లైసెన్సు, టోలు, బీమా, జరిమానా ఇప్పటికీ దేశానికో తీరుగా నడుస్తున్నాయి. అందుచేత కారు యాత్రకు పథకం వేసేవారు ఏయే ఊళ్లు చూడాలన్న ప్రశ్న కంటే ముందు, కారు ఏ దేశంలో తీసుకోవాలి, ఆ అద్దె ఒప్పందం ఎక్కడి వరకు చెల్లుతుంది అన్న ప్రశ్నలు తేల్చుకోవాలి.

ముందుగా లైసెన్సు సంగతి. యూరోపియన్ యూనియన్‌లో ఒక దేశం ఇచ్చిన లైసెన్సు మిగతా సభ్యదేశాలన్నిటా చెల్లుతుంది. బయటివారికి ఈ సౌకర్యం లేదు. వారి లైసెన్సును ఎంతవరకు గుర్తించాలో ఏ దేశానికా దేశం నిర్ణయించుకుంటుంది. ఇక్కడ ఆదుకునేది ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్. 1949 నాటి జెనీవా ఒప్పందం, 1968 నాటి వియన్నా ఒప్పందం దీనికి ఆధారాలు. భారతదేశం జెనీవా ఒప్పందంలో ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఆర్టీఏ కార్యాలయాలు ఇచ్చే ఈ పర్మిటు గడువు ఏడాదికి మించదు. అసలు లైసెన్సు వెంట లేకపోతే దానికి విలువ ఉండదు. ఇటలీ వంటి దేశాల్లో బయటి లైసెన్సుతో పాటు ఈ పర్మిటు గానీ, అధికారికంగా ధ్రువీకరించిన అనువాదం గానీ చూపాలి. మన లైసెన్సులు ఇంగ్లిషులోనే ఉన్నాయి కదా, ఇదెందుకు అని కొందరు అడుగుతారు. అద్దె సంస్థ కౌంటరులో ఆ మాట చెల్లవచ్చు. కానీ తాళాలు చేతికి వచ్చినంత మాత్రాన రోడ్డు మీద చట్టం మారదు. ప్రమాదం జరిగితే బీమా సంస్థ మొట్టమొదట చూసేది ఈ కాగితాన్నే.

దేశాల మధ్య తేడా అన్నిటికన్నా స్పష్టంగా కనబడేది టోలు వసూలులో. ఫ్రాన్స్, ఇటలీల్లో చాలా హైవేల మీద ఎక్కేచోట టికెట్టు తీసుకొని, దిగేచోట దూరాన్నిబట్టి డబ్బు కడతారు. ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, స్లోవేనియా, హంగరీల్లో అలా కాదు. అక్కడ ఇంత కాలానికింత అని ముందే కట్టేసి, ఆ అనుమతితో హైవే ఎక్కాలి. స్విట్జర్లాండ్‌లో రోజుకో వారానికో విడిగా కొనే వీలు లేదు, ఏడాదికి సరిపడా 40 ఫ్రాంకులు కట్టాల్సిందే. జర్మనీలో కార్లకు హైవే టోలు లేనే లేదు. పెట్టాలని ఆ దేశం ప్రయత్నించకపోలేదు. అందరి దగ్గరా రుసుము తీసుకొని, జర్మన్ కారు యజమానులకు మాత్రం వాహన పన్నులో అంత మేరకు తగ్గించాలని చూసింది. భారమంతా పొరుగువారి మీదే పడుతుందని ఆస్ట్రియా కేసు వేసింది. అది జాతీయతను బట్టి చూపే వివక్షేనని 2019 జూన్ 18న యూరోపియన్ న్యాయస్థానం తేల్చింది. ఈ తీర్పులో గమనించవలసిన విషయం ఒకటుంది. వివక్ష చూపవద్దని మాత్రమే న్యాయస్థానం అనగలిగింది. టోలు ఉండాలా వద్దా, ఉంటే ఏ పద్ధతిలో అన్నది ఆయా దేశాల చేతిలోనే మిగిలింది. ఇదే తేడాను ఒకే కప్పు కింద చూడాలంటే బాసెల్-ములూజ్ విమానాశ్రయానికి వెళ్లాలి. అది పూర్తిగా ఫ్రాన్స్ నేల మీద ఉన్నా, రెండు దేశాలు కలిసి నడుపుతున్నాయి. బయటికి వచ్చే ద్వారాలు కూడా స్విస్ వైపుకొకటి, ఫ్రెంచ్ వైపుకొకటి. స్విస్ వైపు అద్దెకిచ్చే కారుకు స్విస్ టోలు రుసుము సాధారణంగా ముందే కట్టి ఉంటుంది, ఫ్రెంచ్ వైపు కారుకు ఆ హామీ లేదు. విమానం ఒకటే, భవనం ఒకటే. ఏ తలుపు దాటారన్నదాన్ని బట్టి ఒప్పందం మారిపోతుంది.

అయితే యూరప్ ఇన్ని దశాబ్దాలుగా చేసిన ఏకీకరణకు విలువే లేదా అన్న ప్రశ్న న్యాయమైనదే. ఉంది, తక్కువేమీ కాదు. 1968లోనే వియన్నాలో కుదిరిన మరో ఒప్పందం వల్ల రోడ్డు గుర్తులు చాలావరకు ఒక్కలాగే ఉంటాయి, భాష రాకపోయినా అర్థమవుతాయి. 1972లో వచ్చిన ఒక ఆదేశం సభ్యదేశాల సరిహద్దుల్లో బీమా కాగితాల తనిఖీని తీసేసింది. దాంతో థర్డ్ పార్టీ బీమా సభ్యదేశాలన్నిటా పనిచేస్తుంది. కానీ ఈ ఏకీకరణ కాపాడేది ఎదుటివారిని. అద్దె కారుకు జరిగే నష్టాన్ని ఎవరు భరించాలన్నది పూర్తిగా ఒప్పందం మీద ఆధారపడుతుంది. సాధారణంగా నష్టంలో కొంత మొత్తం వరకు అద్దెకు తీసుకున్నవారిదే బాధ్యత, అందుకే కౌంటరులో క్రెడిట్ కార్డు మీద డిపాజిట్టుగా డబ్బు ఆపి ఉంచుతారు. టైర్లు, అద్దాలు, బండి అడుగు భాగం చాలా ఒప్పందాల్లో బీమా కిందికి రావు. ఫలానా దేశాలకు తీసుకెళ్లకూడదనీ, తీసుకెళితే అదనంగా కట్టాలనీ షరతులుంటాయి. ఖరీదైన కార్ల విషయంలో ఈ ఆంక్షలు మరీ ఎక్కువ. అనుమతి లేని దేశంలో ప్రమాదం జరిగితే, కట్టిన అదనపు రక్షణ కూడా అక్కరకు రాకపోవచ్చు. కారును ఒక దేశంలో తీసుకొని మరో దేశంలో అప్పగిస్తే వసూలు చేసే రుసుము ఒక్కోసారి అద్దెనే మించిపోతుంది. ఇంత చిన్న అక్షరాల్లో ఇంత పెద్ద భారం దాచడం సంస్థలకు తగని పని. తొలి పేజీలోనే, ధర పక్కనే ఈ షరతులు ముద్రించాలని చట్టం నిర్బంధించాలి.

నడిపే తీరులో తేడాలు చెప్పుకుంటే ఫ్రాన్స్ హైవేల మీద గంటకు 130 కిలోమీటర్లు, వాన పడితే 110, స్విట్జర్లాండ్‌లో 120, పోలండ్‌లో 140 పరిమితి. జర్మనీలో చాలా భాగాల్లో పరిమితి లేదు, 130 అన్నది సలహా మాత్రమే. చెక్ రిపబ్లిక్, హంగరీల్లో డ్రైవరు రక్తంలో మద్యం ఆనవాలే ఉండకూడదు. వీటికన్నా విదేశీయులు ఎక్కువగా చిక్కుకునేది ఇటలీ పాత పట్టణాల్లోని పరిమిత ప్రవేశ మండలాల్లో. ఫ్లోరెన్స్, రోమ్, పీసా వంటి చోట్ల అనుమతి లేని వాహనం లోపలికి వస్తే కెమెరా నంబరు పట్టేస్తుంది. గేటు ఉండదు, ఆపే మనిషి ఉండడు. దేశం విడిచి వెళ్లాక ఎవరు వసూలు చేస్తారులే అనే ధీమాకు ఆధారం లేదు. పోలీసులు అడగగానే అద్దె సంస్థ డ్రైవరు పేరు, చిరునామా ఇస్తుంది, ఇచ్చినందుకు కార్డు నుంచి తన రుసుము తీసుకుంటుంది. అసలు జరిమానా ఆ తర్వాత వేరుగా వస్తుంది. విదేశాల్లో ఉండేవారికి నోటీసు పంపడానికి ఇటలీ చట్టం 360 రోజుల గడువిచ్చింది.

ఇన్ని చిక్కులున్నప్పుడు రైలెక్కితే పోదా అనేవారి మాటలో సగం న్యాయం ఉంది. పారిస్ నుంచి లియాన్‌కో, మిలాన్ నుంచి రోమ్‌కో వెళ్లడానికి కారు పనికిరాదు. సమయం వృథా, పార్కింగు భారం. కానీ ప్రావెన్స్ పల్లెలకూ, డోలమైట్స్ కనుమలకూ రైలు పోదు, బస్సులు అరుదు. కాబట్టి దేశాల మధ్య దూరాన్ని రైలుకు వదిలి, కారును ఒక్క దేశంలోని ఒక్క ప్రాంతానికి పరిమితం చేసుకోవడమే నా దృష్టిలో మేలైన పద్ధతి. అవీన్యోఁలో హైస్పీడు రైలు దిగి, స్టేషన్లోనే కారు తీసుకొని, ప్రావెన్స్ చూసి అక్కడే అప్పగిస్తే ఒకే దేశపు చట్టం, ఒకే టోలు పద్ధతి, ఒకే ఒప్పందం. ఎడమ వైపు నడపడం అలవాటైన తెలుగువారు కుడి వైపు రోడ్లకు అలవాటుపడే మొదటి రోజుల్లో, గేర్ల కారు బదులు ముందుగానే ఆటోమేటిక్ అడిగి బుక్ చేసుకుంటే ఆ అద్దె కాస్త ఎక్కువైనా దండగ కాదు.