క్యోటో నగరపు నిషికి అంగడి

సముద్రమునకు దూరముగా, మూడు దిక్కుల కొండలు చుట్టుముట్టిన క్యోటో నగరమున మత్స్యవిక్రయము శతాబ్దములపాటు వర్ధిల్లుటకు మూలకారణము నిషికి వీథి క్రింది శీతలజలము. ఏ ఋతువునందును చల్లదనము తప్పని ఆ నీటి బావులలోనికి చేపలను, కాయగూరలను దించి నిలువచేయుట అచ్చటి వర్తకులకు పరిపాటియై యుండెను. 1615లో నాటి జపాను పాలకులైన తొకుగావా వారి ప్రభుత్వము మత్స్యముల టోకు వర్తకమునకు అనుమతి నొసంగుటతో, రాజధాని వంటశాలలకు ఈ వీథియే ఆధారమయ్యెను.

ఈ చరిత్రమున నన్ను మిక్కిలి ఆకర్షించునది ఇతో జకుచూ వృత్తాంతము. 1716లో ఈ వీథియందే కూరగాయల టోకు వర్తకుని యింట జన్మించి, నలువదేండ్ల ప్రాయమున వ్యాపారమును తమ్మునికి అప్పగించి చిత్రలేఖనమునకు అంకితుడైన యీ మహనీయుడు, 1771లో ప్రత్యర్థులైన గోజో వీథి వర్తకుల ప్రయత్నమువలన నిషికి అంగడి మూతపడు స్థితి యేర్పడగా, పేటపెద్దగా ముందునకు వచ్చి, పరిసర గ్రామముల రైతులను కూడగట్టి, అధికారుల చుట్టును తిరిగి, 1774 నాటికి అనుమతిని మరల సాధించెను. కుంచె పట్టిన చేయి ఇన్ని సంవత్సరములు అర్జీలకు వెచ్చింపబడెనే యని చింతించువారు ఆయన రచించిన కాయగూరల పరినిర్వాణ చిత్రమును చూడవలెను: బోర్లించిన బుట్టపై పవళించిన తెల్లముల్లంగియే తథాగతుడు, చుట్టును చేరి శోకించు శిష్యులు గుమ్మడి, వంకాయ మొదలగునవి, మొక్కజొన్న కాండములే సాలవృక్షములు. అంగడిలో పుట్టి పెరిగినవానికి గాక మరెవ్వరికి ఇట్టి భక్తి స్ఫురించును?

బియ్యపు ధర పెరుగుటచే 1918లో చెలరేగిన అల్లరుల పిమ్మట ఆహారపు ధరలను అదుపుచేయ నెంచి ప్రభుత్వము 1923లో కేంద్ర టోకు విపణుల శాసనమును చేసెను. దాని ననుసరించి దేశమున మొట్టమొదటి విపణి 1927లో క్యోటోయందే వెలసెను. టోకు వర్తకులు పెక్కురు అచ్చటికి తరలిపోగా, నిషికి చిల్లర దుకాణముల వీథిగా మారెను.

నేడు సుమారు 390 మీటర్ల పొడవున, రంగురంగుల పైకప్పు క్రింద, నూటికి పైగా దుకాణములు కలవు. 1560లో ఖడ్గకారులుగా ఆరంభించిన అరిత్సుగు వారు వంటకత్తులు అమ్ముచున్నారు. తవుడులో ఊరవేసిన కూరలు, సోయాపాల మీగడ తొరకలు, కాల్చిన మలుగుచేపలు వరుసగా కనులబడును. విదేశయాత్రికుల తాకిడి హెచ్చుటచే, నడచుచు తినరాదను ప్రకటనలు వ్రేలాడదీయవలసి వచ్చినది. యాత్రికుడు క్షణమున రుచి చూచి పోవును. నగరవాసి రేపటి వంటకు వచ్చి బేరమాడును. వీరిలో రెండవవాడు లేనినాడు ఈ వీథి ఉత్త ప్రదర్శనశాల యగునని నా భయము. అయినను ఏడాది చివరి దినములలో నూతన సంవత్సరపు వంటకములకు కావలసిన సరకులకై క్యోటో గృహిణులు ఈ ఇరుకు వీథిని ఇప్పటికిని క్రిక్కిరియ నింపుచునే యున్నారు.