పుర్సా అంటే అడగడం

మయ్యత్ ఇంటికి వెళ్లి పలకరించడాన్ని మా రోలుగుంట వైపు తెలుగులో పరామర్శ అంటారు. మన ఇళ్లలో పుర్సా అంటాం. చదువుకున్నవాళ్లు తాజియత్ అంటారు. పుర్సా అనే మాటకు మూలం ఫార్సీలోని ‘పుర్సీదన్’, అంటే అడగడం. ఆ లెక్కన పుర్సా ఇవ్వడమంటే ఎలా ఉన్నారని అడిగి, వాళ్లు చెప్పింది వినడం. మనమేమో గడప తొక్కగానే ‘సబర్ చెయ్యండి’ అనేసి, గమ్ చెప్పుకోబోయినవాళ్ల నోరు మూయిస్తున్నాం.

ఈ సంగతి వచ్చినప్పుడల్లా నాకు అమ్జద్ హైదరాబాదీ గుర్తొస్తారు.

1908 సెప్టెంబర్ 28. రంజాన్ అప్పుడే మొదలైంది. మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచేసింది. చనిపోయినవాళ్లు సుమారు 15 వేలమందని అంచనా. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి 150 మందిదాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నిరాశ్రయుల కోసం మహల్ తలుపులు తెరిపించారు. అమ్జద్ అప్పటికి నౌజవాన్. తల్లి, భార్య, కూతురు ముగ్గురూ ఆ నీళ్లలో కొట్టుకుపోయారు. ఇంట్లో ఆయనొక్కరే మిగిలారు.

ఊరు ఊరంతా మాతం. ఇక ఎవరికి ఎవరు పుర్సా ఇవ్వాలి? అమ్జద్ ఆ ఖయామత్‌ను నజ్మ్‌గా రాసి ‘ఖయామతె సుగ్రా’ అని పేరు పెట్టారు. చిన్న ప్రళయం అని దానర్థం. తర్వాతి కాలంలో రుబాయీలంటే అమ్జద్ అనేంత షోహ్రత్ వచ్చింది. 1961లో ఇంతెఖాల్ అయ్యారు. తన గమ్ పదిమందికీ చెప్పుకున్నంత మాత్రాన ఆయన సబర్‌కు లోటేమీ రాలేదు.

దీన్ చెప్పేదీ అదే. పసివాడైన కుమారుడు ఇబ్రాహీం వఫాత్ అయినప్పుడు రసూలుల్లాహ్ (స) కళ్లు చెమర్చాయి. ఆ కన్నీళ్లు రహ్మత్ అన్నారు. ఆయన వద్దన్నది చెంపలు బాదుకోవడం, బట్టలు చింపుకోవడం. 629లో ముఅతా జంగ్‌లో జాఫర్ (రజి) షహీద్ అయిన ఖబర్ రాగానే, ఆ ఇంటివాళ్లకు భోజనం వండి పంపమన్నారు. మయ్యత్ ఇంటికి ఇరుగుపొరుగువాళ్లు అన్నం పంపే రివాజ్‌కు బునియాద్ ఇదే.

కాబట్టి ఫోన్‌లో ‘ఇన్నా లిల్లాహి’ పంపేస్తే హక్ అదా అయిపోయిందనుకోకండి. అన్నం గిన్నెతో వెళ్లండి. మర్హూమ్ పేరు మీరే ఎత్తండి. వాళ్లు చెప్పుకుంటుంటే మధ్యలో సబర్ పాఠం మొదలుపెట్టకండి. మూడు రోజులు దాటాక ఎలాగూ జనం పల్చబడతారు. ఆ తర్వాత ఒక సాయంత్రం మళ్లీ వెళ్లి, ‘ఎలా ఉన్నారు భాయ్?’ అని అడగండి.