పూతరేకు, ఆనకట్ట, జయ బియ్యం

పూతరేకు అన్న మాటను ఒకసారి విడదీసి చూడండి. పూయగా ఏర్పడిన రేకు పూతరేకు. గోడకు సున్నం పూసినట్లు కాగిన కుండకు పిండి పూస్తారు. ఊడివచ్చేది పూరేకంత పలుచన. బెల్లమూ, చక్కెరా, నెయ్యీ ఈ పేరులో ఎక్కడా లేవు. పేరు పెట్టినవారి చూపంతా ఆ పొర మీదనే నిలిచింది.

ఆ పొర తీయడం సామాన్యమైన విద్య కాదు. బియ్యాన్ని నానబెట్టి, మెత్తగా రుబ్బి, పాలవలె జారుగా కలుపుతారు. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట. పలుచని గుడ్డను ఆ పిండినీళ్లలో ముంచి, రెండు చేతులా పట్టుకొని, కుండ వీపు మీదుగా ఒక్క లాగు లాగుతారు. రెప్పపాటులో పొర కట్టి అంచులు లేస్తాయి. మంట హెచ్చితే మాడుతుంది, తగ్గితే అంటుకుంటుంది. పొగలో, సెగలో గంటల తరబడి కూర్చొని ఈ పని చేసేవారు ప్రధానంగా స్త్రీలే.

కొత్తపేట ప్రాంతంలోని ఆత్రేయపురం ఇందుకు పుట్టినిల్లుగా పేరు పొందింది. గోదావరి చీలిన తరువాత కోనసీమ మొదలయ్యే చోటు అది. లొల్ల లాకులు ఆ మండలంలోనివే. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నీరు బొబ్బర్లంక దగ్గర కాలువలో పడి అక్కడినుండే అమలాపురం వైపు సాగుతుంది. గన్నవరం అక్విడక్టు మీదుగా వైనతేయను దాటి రాజోలు సీమకూ చేరుతుంది. అంతకు పూర్వం వరి లేదని కాదు. వానకూ వరదకూ తల ఒగ్గిన వరి అది. బియ్యాన్ని ఇంత నాజూకైన వేడుకకు తీరికగా వెచ్చించగల నిబ్బరం ఆ కాలువలు ఇచ్చినదే అని నా అభిప్రాయం.

ఇక బియ్యం మాట. రేకుకు తయారీదారులు నేడు ఏరికోరి వాడేది జయ రకం. ఆ వంగడం విడుదలైనది 1968లో; నేను పలక పట్టిన రోజులవి. కనుక జయ లేనిదే పూతరేకు లేదని ఎవరైనా శపథం చేస్తే నేను ఒప్పుకోను. మన అమ్మమ్మల తరం వేరే బియ్యంతోనే రేకు తీసింది. సంప్రదాయమని మనం చేతులు జోడించేదానిలో సగం మన కళ్ల ముందు చేరినదే. అందులో తప్పేమీ లేదు. జీడిపప్పూ బాదంపప్పూ చేరినప్పుడు మాత్రం ముక్కు విరవడమెందుకు? (నాకు బెల్లపు రేకే ఇష్టమన్నది వేరే సంగతి.)

తిరుపతి లడ్డుకు 2009లో, బందరు లడ్డుకు 2017లో వచ్చిన భౌగోళిక సూచిక గుర్తింపు ఆత్రేయపురం పూతరేకుకు 2023లో వచ్చింది. దరఖాస్తు చేసిన తయారీదారుల సంఘం పేరులో సర్ ఆర్థర్ కాటన్ ఉన్నాడు! మిఠాయి మూలం ఆనకట్టలో ఉందని వారికి ఒకరు చెప్పనక్కరలేకపోయింది.

ఆ గుర్తింపు ఊరి పేరును కాపాడుతుంది. ఇంటి వసారాలో రేకు తీసే ఆవిడ వేరు, దుకాణంలో నెయ్యి రాసి చుట్టి పెట్టెకట్టి అమ్మేవారు వేరు అయిన చోట, ధరలో ఆమె పాలు ఎంతో ఆ పత్రం చెప్పదు. పొయ్యి సెగ తాళలేమని కూతుళ్లు ఆ కుండ ముందు కూర్చోవడం మానుకుంటే, పెట్టె మీద ఊరి పేరు ఉంటుంది. లోపల చుట్టడానికి రేకు ఎవరు తీస్తారు?